కోడ్ ఎడిటర్ ఎక్స్‌టెన్షన్లలో విండో ఫోకస్ నియంత్రణ

తెర మీద ఎన్ని విండోలు పరిచి ఉన్నా, కీబోర్డు మీద నొక్కిన అక్షరం చేరేది ఒక్కదానికే. ఆ విండోకు ఫోకస్ ఉందంటారు. ఎడిటర్‌కు బయటివాళ్లు రాసి జోడించే ఎక్స్‌టెన్షన్ ఆ ఫోకస్‌ను ఎప్పుడు కదిలించవచ్చు, ఎప్పుడు ముట్టుకోకూడదు అన్నది చాలా పాత సమస్య. ప్రోగ్రామర్ టైపు చేస్తుండగానే ఎక్స్‌టెన్షన్ టెర్మినల్‌ను తెరిచి కర్సర్‌ను అక్కడికి లాక్కుపోతే, ఫైల్లో పడాల్సిన అక్షరాలు టెర్మినల్లో పడతాయి. ఆ ఊపులో ఎంటర్ కూడా నొక్కితే అవి ఆదేశంగా నడిచిపోతాయి.

ఈ చిక్కును పద్ధతి ప్రకారం విడదీసిన పాత ఎడిటర్లలో ఈమ్యాక్స్ ఒకటి. 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో మొదలైన ఈ ఎడిటర్‌కు 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ రూపం ఇచ్చారు. అందులో లిస్ప్ ప్రోగ్రామ్ పనిచేసే బఫర్ (పాఠ్యాన్ని ఉంచుకునే చోటు) వేరు, మనిషి ముందున్న విండో వేరు. సెట్-బఫర్ అంటే ప్రోగ్రామ్ మరో బఫర్‌లోకి వెళ్లి పని చేసుకుంటుంది, తెర మాత్రం కదలదు. డిస్‌ప్లే-బఫర్ బఫర్‌ను చూపించి ఊరుకుంటుంది. పాప్-టు-బఫర్ చూపించడంతోపాటు అక్కడికి తీసుకెళ్తుంది. చూపించడం, తీసుకెళ్లడం రెండు వేర్వేరు పనులన్న ఈ గుర్తింపు తర్వాతి ఎడిటర్లలోనూ కనిపిస్తుంది.

విమ్ అనే మరో ఎడిటర్‌లో దారి ఇంత సాఫీగా లేదు. చాలాకాలం ప్లగిన్లు (విమ్‌లో ఎక్స్‌టెన్షన్లు) పక్క విండోలోకి దూకి, పని చేసి, తిరిగి వెనక్కి దూకేవి. దూకిన ప్రతిసారీ విండో మారినట్టు సంకేతాలు వెళ్లడంతో వాటికోసం కాచుకున్న ఇతర ప్లగిన్లూ కదిలేవి. 2019లో వచ్చిన విన్-ఎగ్జిక్యూట్ వల్ల ఆ సంకేతాలు వెళ్లకుండానే మరో విండోలో ఆదేశం నడపడం వీలైంది. అదే ఏడాది విమ్ నుంచి చీలిన నియోవిమ్ 0.4 తేలే విండోలను తెచ్చింది. అక్కడ విండో తెరిచే ఫంక్షన్, లోపలికి వెళ్లాలా వద్దా అని ప్లగిన్ రచయితను తప్పనిసరిగా అడుగుతుంది. జవాబు ఇవ్వకుండా తప్పించుకునే వీలే లేదు. ఇంతకంటే నిజాయితీగల రూపకల్పన ఈ రంగంలో అరుదు.

ఎక్లిప్స్ అనే ఎడిటర్ కూడా తెరలోని ఒక భాగాన్ని పైకి తేవడానికీ, దాన్ని క్రియాశీలం చేయడానికీ వేర్వేరు పిలుపులు పెట్టింది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఊరుకోలేదు. విండోస్ 98, విండోస్ 2000 నుంచి వెనకున్న ప్రోగ్రామ్ ఇష్టం వచ్చినట్టు ముందుకు దూకకుండా మైక్రోసాఫ్ట్ కట్టడి చేసింది. అలా ప్రయత్నించిన ప్రోగ్రామ్ బటన్ టాస్క్‌బార్‌లో మెరుస్తుంది, అంతే.

గిట్‌హబ్ తయారుచేసిన ఆటమ్ ఎడిటర్‌లో ప్యాకేజీలనే ఎక్స్‌టెన్షన్లు ఎడిటర్ పేజీలోనే నడిచేవి కాబట్టి ఏ మూలకైనా ఫోకస్ పెట్టగలిగేవి. 2015 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్ ఇందుకు భిన్నం. దాని ఎక్స్‌టెన్షన్లు వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి. ఎడిటర్ తెరను నేరుగా తాకలేవు. ఫోకస్ కావాలంటే ఏపీఐ ద్వారానే అడగాలి. ఫైలు, టెర్మినల్, ఔట్‌పుట్ ప్యానెల్, వెబ్‌వ్యూ చూపించే పిలుపులన్నింటిలో ప్రిజర్వ్‌ఫోకస్ అనే ఐచ్ఛికం ఉంది. దానికి ట్రూ ఇస్తే కర్సర్ ఉన్నచోటే ఉంటుంది. రచయిత ఆ మాట మరిచిపోతే మాత్రం ఫోకస్ కొత్తదానికి పోతుంది. ఇది తలకిందులైన ఏర్పాటు: మరుపు ఎక్స్‌టెన్షన్ రచయితది, నష్టం వాడేవాళ్లది.

ఇంకో ఇబ్బంది కాలంతో ముడిపడింది. ఎక్స్‌టెన్షన్ ఏదైనా సర్వర్ జవాబు కోసం ఆగి, వచ్చాక యాక్టివ్ టెక్స్ట్ ఎడిటర్ ఏదని అడిగితే, ఈలోగా ప్రోగ్రామర్ మరో ఫైలుకు వెళ్లి ఉండవచ్చు. మార్పు అక్కరలేని ఫైల్లో పడుతుంది. ఆగకముందే ఎడిటర్‌ను గుర్తుపెట్టుకోవడమే దీనికి విరుగుడు.

స్క్రీన్ రీడర్ వాడే ప్రోగ్రామర్లకు ఇది మరీ బరువైన విషయం. ఫోకస్ కదలగానే రీడర్ కొత్తచోటును చదవడం మొదలుపెడుతుంది. చూపులేనివారు తాము ఉన్న వరుసను మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.

2023 చివర్లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ 1.85 వెర్షన్‌తో ఎడిటర్ ట్యాబులను విడి విండోలుగా బయటికి లాగడం వీలైంది. అంటే ఫోకస్ ఇప్పుడు విండోల మధ్య కూడా జారగలదు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లు, వాడేవాళ్లు స్వయంగా ఇచ్చిన ఆదేశానికి మాత్రమే ఫోకస్‌ను కదిలించాలి. టైమర్ మోగినా, ఫైలు మారినా, సర్వర్ పలికినా తెరిచే ప్రతిదానికీ ప్రిజర్వ్‌ఫోకస్‌ను ట్రూగా పంపాలి.