తెలుగు వెబ్‌పుటల చరిత్ర – బ్రౌజరు ఎంపిక: నెల్లూరు తీర పరిశోధన కోణం

ఉపోద్ఘాతం

చరిత్ర పరిశోధనలో ఆధారం ఎక్కడ దొరుకుతుందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఏ సాధనంతో చదువుతున్నామన్నదీ అంతే ముఖ్యం. శాసనాన్ని రాతిమీద చదవడం వేరు, అచ్చుప్రతిలో చదవడం వేరు. ఈనాటి పరిశోధకులు శాసన సంపుటాలను, జిల్లా మాన్యువళ్లను, పాత దినపత్రికలను ఎక్కువగా చదువుతున్నది కంప్యూటరు తెరమీద, వెబ్ బ్రౌజరు ద్వారా. అయినా బ్రౌజరు ఎంపిక పరిశోధన పద్ధతుల చర్చలోకి అరుదుగానే వస్తుంది. వేగం, జ్ఞాపకశక్తి వినియోగం, ప్రకటనల నిరోధం వంటి కొలమానాలతో బ్రౌజర్లను పోల్చే వ్యాసాలు కోకొల్లలు. తెలుగు పాఠకుని విషయంలో ఆ కొలమానాలకు ముందే నిలిచిన ప్రశ్న ఒకటుంది: అక్షరం కనిపిస్తుందా, లేదా?

తెలుగువారి బ్రౌజరు ఎంపికను ఆదినుంచీ లిపి ఏ విధంగా శాసించిందో చూపడం, అందులోంచి నేటి పరిశోధకునికి పనికివచ్చే ప్రమాణాలను రాబట్టడం ఈ వ్యాసం ఉద్దేశం. నెల్లూరు తీర చరిత్రను ఉదాహరణగా తీసుకున్నాను. ఆ తీరానికి మధ్యయుగ శాసనాలూ ఉన్నాయి, 2004 సునామీ వంటి సమీపకాల ఘటనలూ ఉన్నాయి. రెండింటి ఆధారాలూ ఇప్పుడు బ్రౌజరులోనే తెరుచుకుంటున్నాయి.

ఫాంటు యుగం: 1995–2005

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. అంతకు కొద్దినెలల ముందు, 1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్ తొలి రూపం విడుదలైంది. ఆ ఆగస్టులోనే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కినా, ఆ సంకేతాలను చదివి ఒత్తులు, గుణింతాలు సరిగా పేర్చగల వ్యవస్థ అప్పటి సామాన్య కంప్యూటర్లలో లేదు. అందుకే విదేశాల్లోని తెలుగువారు తొలుత రోమన్ లిపిలో రాసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి వారికి ఉమ్మడి లిపిగా నిలిచింది. 1998లో మొదలైన ‘ఈమాట’ అంతర్జాల పత్రిక తొలినాళ్లు ఈ నేపథ్యంలోనివే.

దినపత్రికలు మరో దారి పట్టాయి. తెలుగు అక్షరాల ముక్కలను ఆంగ్ల అక్షరాల స్థానాల్లో కూర్చిన సొంత ఫాంట్లను తయారు చేయించుకున్నాయి. పాఠకుడు ఆ ఫాంటును తన యంత్రంలో స్థాపించుకోవాలి, లేదా పుటతోపాటు అది దానంతట అదే దిగాలి. ఇక్కడే బ్రౌజరు నిర్ణాయకమైంది. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ నాలుగో వెర్షన్ బిట్‌స్ట్రీమ్ సంస్థ రూపొందించిన చలన ఫాంట్లను స్వీకరించింది. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్ మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిని తెచ్చింది. ఒకదానికోసం చేసిన ఫాంటు రెండోదానిలో పనిచేయదు. నెట్‌స్కేప్ క్షీణించాక అధికభాగం పుటలు ఎక్స్‌ప్లోరర్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకున్నాయి. కాబట్టి ఆ దశాబ్దంలో తెలుగు పాఠకుడు బ్రౌజరును ఎంచుకున్నాడనడం కంటే, అతడు చదివే పత్రిక అతనికి బ్రౌజరును నిర్ణయించిందనడం సమంజసం.

2004 సునామీ: చదవలేని ఆధారం

2004 డిసెంబరు 26న సునామీ అలలు నెల్లూరు తీరాన్నీ తాకాయి. మత్స్యకార గ్రామాల్లో ప్రాణనష్టం జరిగింది, పడవలు, వలలు కొట్టుకుపోయాయి. హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఏర్పడటానికి ప్రేరణ ఆ విపత్తే. తీర సమాజాల చరిత్ర రాసేవారికి ఆ వారాల స్థానిక వార్తలు ప్రాథమిక ఆధారాలు. ఏ పల్లెలో ఏం జరిగింది, సహాయం ఎప్పుడు అందింది, ఎవరికి అందలేదు అన్న వివరాలు జాతీయ పత్రికల్లో కంటే జిల్లా వార్తల్లోనే దొరికే అవకాశం ఎక్కువ.

ఆనాటి తెలుగు దినపత్రికల వెబ్‌పుటలు చాలావరకు సొంత ఫాంట్లలోనే ఉండేవి. అటువంటి పుట వెబ్ భాండాగారంలో భద్రమై ఉన్నా, దాని వెంట ఫాంటు దిగకపోతే నేటి బ్రౌజరులో కనిపించేది తెలుగు కాదు. గుర్తులు తగిలించిన లాటిన్ అక్షరాల గుంపు. అందులో ‘మైపాడు’ అనో ‘కృష్ణపట్నం’ అనో వెదికితే ఫలితం రాదు, ఎందుకంటే ఆ మాటలు అక్కడ తెలుగు సంకేతాలుగా లేవు. పుట నశించలేదు, చదివే శక్తి నశించింది. తాటాకు ప్రతి చెక్కుచెదరకుండా ఉండి లిపి మరుగున పడినట్లుగా ఉంటుంది ఈ స్థితి.

ఈ చిక్కుకు అప్పట్లో ఒక పరిష్కారం దొరికింది. 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, ఇతరులు రాసిన ఎక్స్‌టెన్షన్లను తనలో చేర్చుకునే వీలు కల్పించింది. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ పత్రికల ఫాంటు సంకేతాలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. లినక్స్ వాడేవారికి, ఎక్స్‌ప్లోరర్ వద్దనుకున్నవారికి తెలుగు పత్రికలు అందుబాటులోకి రావడంలో దీని పాత్ర గణనీయం. అయితే 2017 నవంబరులో వెలువడిన 57వ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను పూర్తిగా విడిచిపెట్టింది. ఆ పద్ధతిలో రాసిన పద్మ కూడా వాటితోపాటే ఆగింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగించింది. ఆ ఫాంట్లను సహజంగా చదివిన బ్రౌజరూ, మార్చి చదివించిన సాధనమూ రెండూ ఆ విధంగా చరిత్రలో కలిశాయి. భద్రత దృష్ట్యా రెండు నిర్ణయాలూ సమర్థనీయమే. కానీ తెలుగు వెబ్ తొలి దశాబ్దపు ఆధారాలపై వాటి ప్రభావాన్ని గమనించినవారు తక్కువ.

యూనికోడ్ స్థిరపడటం

విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు పాఠకులకు చేరాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. అయినా ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని వాడుకరి స్వయంగా చేతనం చేసుకోవాల్సి వచ్చేది. చేసుకోనివారికి అక్షరాల బదులు డబ్బాలే కనిపించేవి.

చరవాణుల్లో ఇదే కథ మళ్లీ నడిచింది. తెలుగు ఫాంటు లేని ఫోన్లలో చాలామంది ఒపెరా మినీని ఆశ్రయించారు. అందులో ఒక అమరికను మారిస్తే, ఒపెరా సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. చదవడానికి అది సరిపోయింది. నకలు తీయడానికి, వెదకడానికి పనికిరాలేదు. ఫోనులో తెలుగు కనిపించడమే చాలనుకున్న నాళ్లలో ఆ లోపం పెద్దదిగా తోచలేదు.

క్రమంగా ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును అక్షరాల కూర్పుకు వాడటంతో తెలుగు వాటిలో సమంగా కనిపించసాగింది. 2015 నవంబరులో నెల్లూరు జిల్లాను ముంచెత్తిన వానల వార్తలనాటికి పత్రికల పుటలు చాలావరకు యూనికోడ్‌లోకి వచ్చేశాయి. పదకొండేళ్ల తేడాతో ఒకే తీరంలో జరిగిన రెండు విపత్తుల్లో ఒకదాని తెలుగు వార్తలను అన్వేషణ యంత్రం వెదికి పెట్టగలదు, మరొకదాన్ని పెట్టలేదు. దీన్ని గమనించని పరిశోధకుడు 2004 గురించి తెలుగు పత్రికలు తక్కువగా రాశాయన్న తప్పుడు నిర్ధారణకు వచ్చే ప్రమాదం ఉంది.

ఇంజన్ల కుదింపు

బ్రౌజర్ల పేర్లు పెరిగాయి గానీ లోపల పనిచేసే ఇంజన్లు తగ్గాయి. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి బ్లింక్‌ను వేరుచేసింది. అదే ఏడాది ఒపెరా తన సొంత ఇంజన్‌ను వదిలి ఆ మార్గంలోకి వచ్చింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా అటే చేరింది. నేడు క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ నాలుగింటి ఇంజనూ బ్లింకే. సఫారీది వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో. క్రోమ్‌ను వదిలి ఎడ్జ్‌ను ఎంచుకున్నవారు అమరికలను, యాజమాన్యాన్ని మార్చుకున్నారే తప్ప పుటను గీసే యంత్రాన్ని మార్చుకోలేదు.

ఎంపిక స్వేచ్ఛ ప్రపంచవ్యాప్తంగా న్యాయవివాదమైంది. ఐరోపా సమాఖ్యకు ఇచ్చిన హామీ మేరకు 2010లో మైక్రోసాఫ్ట్ విండోస్ వాడుకరులకు బ్రౌజర్ల ఎంపిక తెరను చూపించింది. భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఫోన్లలో క్రోమ్‌ను ముందే చేర్చి ఇవ్వడం కూడా అందులో పరిశీలనాంశం. 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం దేశీయ బ్రౌజరు రూపకల్పన పోటీ ప్రకటించగా, 2025 మార్చిలో జోహో సంస్థ ప్రథమ స్థానం పొందింది. భారతీయ భాషలకు చోటివ్వడం ఆ పోటీ లక్ష్యాల్లో ఒకటి.

లోపం ఎప్పుడూ బ్రౌజరుదే కాదని తెలిపే ఘటన 2018 ఫిబ్రవరిలో జరిగింది. ‘జ్ఞా’ అక్షరంలో కంటికి కనిపించని విభజన సంకేతం ఒకటి చేరితే ఆపిల్ ఫోన్లలో అనువర్తనాలు కుప్పకూలాయి. దోషం అక్షరాలను కూర్చే వ్యవస్థ పొరలో ఉన్నందున బ్రౌజరు మార్చినా ఫలితం లేకపోయింది. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6 నవీకరణతో సమస్య తీరింది.

పరిశోధకునికి ప్రమాణాలు

నెల్లూరు తీరంపై పనిచేసేవారికి బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో ప్రచురించిన జిల్లా శాసనాల మూడు సంపుటాలు, బాస్వెల్ 1873 నాటి జిల్లా మాన్యువల్ మూలాధారాలు. వీటి స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తాయి. ఈ ప్రాంత శాసనాలు తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నాయి. తమిళ శాసనాల్లో గ్రంథ లిపి అక్షరాలూ కలుస్తాయి. గ్రంథ లిపి, ప్రాచీన తెలుగు అక్షరం ‘ఴ’ రెండూ యూనికోడ్‌లోకి వచ్చింది 2014లోనే. నకారపొల్లుకు 2021లో చోటు దొరికింది. ఈ వాక్యానికి ముందున్న ‘ఴ’ డబ్బాగా కనిపిస్తే, లోపం ఎక్కువగా ఫాంటుదని భావించాలి. బ్రౌజరును నిందించేముందు నోటో వంటి ఫాంట్లను స్థాపించి చూడాలి.

ఈ నేపథ్యంలో నాలుగు ప్రమాణాలు సూచించవచ్చు. మొదటిది, పరిశోధకుని యంత్రంలో రెండు వేర్వేరు ఇంజన్ల బ్రౌజర్లు ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌తోపాటు క్రోమ్ లేదా ఎడ్జ్ చాలు. ఒకదానిలో చెదిరిన పుటను రెండోదానిలో సరిచూసుకోవచ్చు. రెండోది, పోలికకు ప్రచార పట్టికలు కాక తన పరిశోధనలోని పాఠమే ఆధారం కావాలి. ఒక శాసన పాఠాన్ని తెరిచి చదవడం, అందులో ఒక మాటను వెదకడం, నకలు తీసి మరోచోట అతికించడం – ఈ మూడూ నెగ్గిన బ్రౌజరే తగినది. మూడోది, ఆధారాన్ని ఉటంకించేటప్పుడు దర్శించిన తేదీతోపాటు పుట బొమ్మను కూడా భద్రపరచాలి. ఫాంటు యుగపు పుటల విషయంలో ఇది తప్పనిసరి. నాలుగోది, గోప్యత. ఫైర్‌ఫాక్స్, సఫారీ ఇతర సైట్ల జాడ సాధనాలను సహజంగానే అడ్డుకుంటాయి. క్రోమ్‌లో ఆ అమరికలను వాడుకరి చూసుకోవాలి. కళాశాల ఉమ్మడి కంప్యూటర్లపై పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ముగింపు

తెలుగు పాఠకుని దృష్టిలో బ్రౌజరు చరిత్ర సంస్థల పోటీ చరిత్ర మాత్రమే కాదు. ఏ కాలంలో ఏ పాఠం ఎవరికి చదవడానికి వీలైందన్న చరిత్ర. ఫాంటు యుగంలో పత్రికలు ఒకే బ్రౌజరును నమ్ముకున్నందువల్ల ఆనాటి పుటలు నేడు మూగబోయాయి. పద్మ వంటి సాధనాల సంకేత పట్టికలు ఇంకా లభ్యమవుతున్నప్పుడే ఆ పుటలను యూనికోడ్‌లోకి మార్చే పని విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర, కంప్యూటరు శాఖలు కలిసి చేపట్టవచ్చు. సునామీ తాకిడి చూసిన పల్లెల ప్రస్తావనలున్న వార్తలనుంచి ఆ పని మొదలుపెడితే, నెల్లూరు తీర చరిత్రకు దూరమైన ఆధారాల్లో కొన్నయినా తిరిగి అందుతాయి.