ఒక మంచం, రెండు నడుములు

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత కట్టినవాడెవడో గాని, వాడికి అప్పటికి ముప్పై నిండి ఉండవని నా అనుమానం. నలభై దాటిన ఏ ఇల్లాలైనా అందులో రెండో సగం కొట్టిపారేస్తుంది. నిద్ర సుఖమెరుగుతుందండీ. నిక్షేపంలా ఎరుగుతుంది. ఎటు తిరిగితే భుజం నొక్కుకుంటుందో, ఎక్కడ నడుం గుంటలో పడుతుందో లెక్కపెట్టుకుంటూ, తెల్లవారుజామున గోదావరి వంతెన మీద రైలు చప్పుడు వినడం నాకు రివాజైపోయింది.

మా ఇంటి పేచీ ఇదీ. మావారికి నడుంనొప్పి. పరుపు చెక్కలా ఉంటేగాని ఆయన ఒప్పుకోరు. నాది పక్కకి ఒత్తిగిలి పడుకునే అలవాటు. గట్టి పరుపు మీద తెల్లారేసరికి భుజం, తుంటి నావి కాకుండా పోతాయి. పైగా ఆయన ఎనభై నాలుగు కిలోలు, నేను యాభై రెండు. ఆయన అటు కదిలితే నేను అదిరిపడి లేస్తాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మా మంచం మీద రెండు పరుపులు మారాయి. రెండూ ఆయన నడుముని అడిగి కొన్నవే. నా భుజాన్ని ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ చెప్పలేదు.

ఈసారి లేటెక్స్ పరుపు ఆన్‌లైన్‌లో తెప్పిద్దామనుకున్నాం. "ముట్టుకోకుండా, కూచుని చూడకుండా పరుపు కొనడమేమిటే!" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాటా నిజమే. అయితే ఏది కొనాలన్నా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకున్న జబ్బు.

అసలు ఆలుమగలకి కలిపి ఒకే పరుపు అన్నది మనమనుకునేంత సనాతనమా? మా ఇంటి మట్టుకు కాదు. ఇన్నీసుపేటలో మా అమ్మమ్మగారింట్లో తాతయ్యది నవారు మంచం, మావయ్యలవి నులక మంచాలు. ఎవరి మంచం వారిదే. నులక సడలితే కాళ్ళవైపు తాడు లాగి బిగించుకునేవారు. గట్టిగా కావలసినవారికి గట్టిగా, ఉయ్యాలలా కావలసినవారికి వదులుగా. ఈనాటి కంపెనీలు సాఫ్టు, మీడియం, ఫర్ము అని ముచ్చటగా మూడు పేర్లు పెట్టి అమ్ముతున్న సుఖం ఆనాడు తాడు బిగింపులో ఉండేది. అమ్మమ్మ మాత్రం తుంగచాప మీద పాత చీరల బొంత పరుచుకుని కిందే పడుకునేది. అదేమని అడగాలని అప్పట్లో మాకెవరికీ తోచలేదు.

పరుపంటే బూరుగు దూదిదే. ఎండాకాలంలో దూదేకులాయన ఏకుడు విల్లు భుజానేసుకుని వీధిలోకి వచ్చేవాడు. అణిగి ఉండకట్టిన దూదిని వాకిట్లో పోసి విల్లు తీగ మీటితే ఆ చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. సాయంత్రానికి పరుపు పొంగి ఒళ్ళుచేసేది. ఇంట్లో అందరి ముక్కుల్లోనూ దూదే. తరవాత 'డన్‌లప్ పరుపు' వచ్చింది. మనవాళ్ళు ఫోముతో చేసిన ప్రతిదాన్నీ డన్‌లప్ అనేశారు. తమాషా ఏమిటంటే, ఆ పేరుగల జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు. 1888లో గాలి టైరుకి పేటెంటు తీసుకున్నది ఆయనే. రబ్బరు పాలతో పరుపు సంగతి ఆయనకి తెలియనే తెలియదు. 1921లో పోయాడాయన. ఆ పేరు మీద నడిచిన కంపెనీలో ఇ.ఎ. మర్ఫీ అనే శాస్త్రజ్ఞుడు 1929లో రబ్బరు పాలను నురుగొచ్చేలా గిలక్కొట్టి, ఆ నురుగునే గట్టిపరిచాడు. ఇంట్లో కేకుపిండి కలిపే యంత్రంతోనే గిలక్కొట్టాడని చెప్పుకుంటారు. నాకది నమ్మబుద్ధేస్తుంది. గారెల పిండి రుబ్బే మనకి తెలియదూ, పిండిలోకి గాలి ఎక్కితేనే గుల్ల అని!

గారెల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. లేటెక్స్ పరుపు నిండా సన్నని చిల్లులుంటాయి. గాలి ఆడడానికేనని అమ్మేవాళ్ళు చెబుతారు. గాలీ ఆడుతుంది, మన రోహిణీకార్తెలో ఆ మాత్రం ఉండాలి కూడానూ. కాని ఆ చిల్లులకి అసలు కారణం వేరు. అచ్చులో ఉండే లోహపు పుల్లలు నురుగు మధ్యదాకా వేడిని చేరవేస్తాయి. అవి లేకపోతే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గారెకి చిల్లు ఎందుకు పెడతామో పరుపుకీ అందుకే.

ఇక ఆ పాలు వచ్చే చెట్టు మనది కాదు. దాని పుట్టిల్లు బ్రెజిల్. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు సుమారు 70,000 గింజలు ఓడకెక్కించి లండన్ దగ్గర క్యూ తోటకి చేర్చాడు. మొలిచినవి మూడువేలకి లోపే. ఆ మొక్కలు సింహళానికి, సింగపూరుకి వెళ్ళాయి. అక్కణ్ణుంచి మలయా కొండలన్నీ రబ్బరు తోటలైపోయాయి. కేరళలో తోటలు వేసింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో.

ఆ మలయా తోటల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కోస్తా జిల్లాల నుంచి కూలికి పోయినవాళ్ళు ఎక్కువగా 'రంగం' అని మనం పిలుచుకునే రంగూన్‌కి వెళ్ళినా, కొందరు మలయాకి చేరారు. రబ్బరు చెట్టుకి ఒక గుణం ఉంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే పాలు బాగా కారతాయి. ఎండెక్కితే కోసిన గాటు మీదే గడ్డకడతాయి. అందుకని చీకటితోనే లేచి, చెట్టు చెట్టుకీ తిరిగి, బెరడు మీద ఏటవాలుగా సన్నటి పొర చెక్కి, కింద చిప్ప కట్టాలి. ఆ పని ఆడవాళ్ళూ చేశారు, చంటిపిల్లలని వదిలి. 1938లో భారత ప్రభుత్వం కూలీలను అలా పంపడం ఆపేసింది. వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ మలేషియాలో ఉగాది చేసుకుంటున్నారు. కేరళలో ఈనాడు కూడా తలకి దీపం కట్టుకుని ఆ చీకట్లోనే చెట్లు గీస్తారు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది పరుపు తప్పు కాదు లెండి.

సరే, కొనుగోలు దగ్గరికి వద్దాం. ఒక కంపెనీ 'లేటెక్స్ పరుపు' అని పెద్దక్షరాలతో వేసింది. కిందికి చదువుకుంటూ పోతే ఆరంగుళాల్లో ఒక్క అంగుళమే లేటెక్స్, తక్కింది మామూలు ఫోము. ఇంకొకచోట సహజమైన పాలకి కృత్రిమ రబ్బరు కలిపినది. కలపడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. అందుకని ఏ పొర ఎన్ని అంగుళాలో, అందులో సహజం ఎంతో రాయించుకోందే డబ్బు కట్టనన్నాను.

మావారి చెక్క సిద్ధాంతానికి ఇంకొక అడ్డం వచ్చింది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపులు కొందరికి, మధ్యరకంవి కొందరికి ఇచ్చి చూస్తే, మూడు నెలలకి మధ్యరకం మీద పడుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారట. చదివి వినిపించాను. "స్పెయిన్ వాళ్ళ నడుములు వేరు" అన్నారు ఆయన. అన్నారే గాని, ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదువుకున్నారు.

పరిష్కారం చివరికి లెక్కలో దొరికింది. మా మంచం 78 అంగుళాల పొడవు, 72 వెడల్పు. 78కి 36 చొప్పున రెండు పరుపులు పక్కపక్కన వేస్తే సరిగ్గా అదే. ఆయనకి కింద లేటెక్స్ చల్లి అణిచిన కొబ్బరిపీచు, పైన రెండంగుళాల లేటెక్స్. నాకు మొత్తం మెత్తటి లేటెక్స్. రెండూ ఆరంగుళాలే ఉండాలి, లేకపోతే మధ్యలో మెట్టు తయారవుతుంది. ఒకరు దొర్లితే రెండోవాళ్ళు అదరరు. ఎక్కువ కంపెనీలు కొన్నాళ్ళు పడుకుని చూసి నచ్చకపోతే తిరిగి తీసుకుంటామంటున్నాయి. ఎన్ని రాత్రులో, తీసుకెళ్ళే ఖర్చు ఎవరిదో ముందే అడిగాను. లేటెక్స్ బరువండీ, నా పరుపొక్కటే ఇరవై కిలోలు దాటింది.

"ఆలుమగలకి రెండు పరుపులేమిటే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు అత్తయ్యగారు. పైన ఒకే దుప్పటి పరిచి చూపించాను. ఆవిడేమీ అనలేదు.

మూడోనాడు మధ్యాహ్నం నేను వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి ఆవిడ నా వైపు పరుపు మీద ఒత్తిగిలి ఉన్నారు. చూద్దామని ఒరిగారట. నాలుగింటికి కాఫీ కలిపి లేపవలసి వచ్చింది. "మీకు మెత్తగా బాగుందా, గట్టిగా ఉండాలా అత్తయ్యగారూ?" అని అడిగాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఆలోచించారు. "ఏమోనే, ఎవరూ అడగలేదు" అన్నారు.

ఆవిడ మంచం పాతకాలంది, 72కి 33. ఆ కొలత ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు, చెప్పి చేయించాలి. నిన్ననే టేపు పెట్టి మళ్ళీ కొలిచాను.