సెయింట్ జార్జి కోట కళాశాల: దొరల తెలుగు చదువు

పరభాషను నేర్చే విద్యార్థికి ఆ భాషను గూర్చి ముందే ఉన్న నమ్మకమూ, అతనిని పురికొల్పిన ప్రయోజనమూ కలిసి అతని చదువుకు హద్దులు గీస్తాయి. తెలుగే పరభాషగా బోధింపబడిన సందర్భంలో దీనిని పరిశీలించడానికి మదరాసులోని సెయింట్ జార్జి కోట కళాశాల అనువైనది.

1812లో ఏర్పడిన ఈ కళాశాల విద్యార్థులు కుంఫిణీ కొలువుకు వచ్చిన యువ ఆంగ్లేయులు. వీరిలో పలువురు హెయిలీబరీలో చదివినవారు. ప్రావీణ్యం చూపినవారికి భత్యం పెరిగేది, నగదు బహుమానమూ దక్కేది. పరీక్ష నెగ్గనిదే ఉద్యోగంలో ముందడుగు లేదు. ఇంత స్పష్టమైన ప్రేరణ నేటి విశ్వవిద్యాలయాలలోనూ అరుదే!

నమ్మకం సంగతి వేరు. దేశభాషలన్నిటికీ సంస్కృతమే మూలమన్న అభిప్రాయం నాటి పాశ్చాత్య పండితులలో ప్రబలంగా ఉండేది. 1814లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన విలియం కేరీ మతమూ అదే. ఈ మతాన్ని అంగీకరించిన విద్యార్థికి దేశ్యపదం భాషకు పునాదిగా కాక అపభ్రంశంగా తోచడం సహజం. 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ చేర్చిన పీఠిక ఈ నమ్మకాన్నే ఎదుర్కొన్నది. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన నిలిపి, ఈ భాషలు సంస్కృతజన్యాలు కావని ఎల్లిస్ వాదించాడు. మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’లోని తత్సమ, తద్భవ, దేశ్య విభాగం అతనికి ఆధారమైంది. ద్రావిడ భాషావాదాన్ని కాల్డ్వెల్ 1856 గ్రంథంతో మొదలుపెట్టేవారు, అది నలభై యేండ్ల ముందే ఒక పాఠ్యగ్రంథపు పీఠికలో, దేశీయ పండితుని విభాగం ఆసరాగా నిలిచిందని గుర్తించాలి.

సిద్ధాంతం మారినంతనే ప్రేరణ మారదు. సి.పి. బ్రౌన్ ఉదాహరణ ఇందుకు చాలు. 1817లో మదరాసు చేరిన అతడు వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చాడు. 1820లో పరీక్ష నెగ్గి కడపకు వెళ్ళాడు. కచేరీ పనికి ఆ తెలుగు సరిపోయింది. సాహిత్యం వైపు అతనిని మళ్ళించింది మాత్రం కళాశాల కాదు. 1824 ప్రాంతంలో అబ్బే దుబాయ్ గ్రంథంలో కనబడిన వేమన ప్రస్తావన ఆ పని చేసింది. అప్పటికి బ్రౌన్ గెలువవలసిన బహుమానమేదీ లేదు. తాళపత్రాల సేకరణ, పండితులకు సొంత జీతాలు, తత్ఫలితంగా అప్పులు, 1852 నాటి నిఘంటువు అన్నీ ఆ తరువాతివే. అతని తొలి వేమన సంకలనం 1829లో కళాశాల ముద్రణాలయంలోనే అచ్చయింది.