తప్పు తల్లి నెత్తురుది కాదు



మైపాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో నాకు తెలిసిన ఇల్లాలు ఒకామె ఉంది. ఏడేళ్ళ కొడుక్కి విడవని జ్వరం, ఒంటిమీద కమిలినట్టు మచ్చలు. చెన్నై తీసుకెళితే, ఎముకల మూలుగలో పుట్టిన రక్తపు కాన్సరన్నారు. "జన్యువుల్లో మార్పు ఉంది" అని కూడా అన్నారు. ఆ మాట ఊరికి చేరేసరికి అత్తగారి నోట ఇంకో రూపం ఎత్తింది. "మా వంశంలో ఇట్టాంటి నెత్తురు లేదమ్మా. ఇది నీ పుట్టింటి నించి వచ్చిందే!" జబ్బుకన్నా ఆ మాటకే ఆమె ఎక్కువ కుంగిపోయింది.

ఆ నింద నిజమేనా? చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం.

ఈ చరిత్రలో మొదటి వెలుగు మన తెలుగువాడిదే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థలో పనిచేశారు. గర్భిణులకు మనం ఇచ్చే ఫోలిక్ ఆమ్లం ఉంది చూశారూ, దాని పనికి అడ్డుపడే మందులు ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ గుణం కొంతకాలమే నిలిచింది. అయినా అంతవరకూ చేతులు ముడుచుకు కూర్చున్న వైద్యులకు అదే కొండంత ధైర్యం. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఈ పిల్లలకు వాడుతున్నారు.

మరి ఒకే జబ్బు, ఒకే మందు అయినప్పుడు ఒకరు కోలుకోవడమేమిటి, ఇంకొకరు కోలుకోకపోవడమేమిటి? అందుకు ఒక పెద్ద కారణం క్రోమోజోముల్లో దొరికింది. మూలుగ రక్తం తయారయ్యే వంటిల్లయితే, ప్రతి కణంలోని క్రోమోజోములు ఆ వంట ఎలా చెయ్యాలో రాసిపెట్టిన పుస్తకాలు. మనిషికి అవి 46 అని 1956లో గాని తేలలేదు. 1960లో ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు, ఒకరకం రక్త కాన్సరులో ఒక క్రోమోజోము పొట్టిగా ఉందని కనిపెట్టారు. ఎందుకు పొట్టిదయిందో వాళ్ళకీ తెలియలేదు.

ఆ ముడి విప్పింది నలుగురు మగపిల్లల తల్లి. షికాగోకు చెందిన జానెట్ రౌలీ పిల్లల పెంపకం కోసం ఏళ్ళ తరబడి వారంలో కొద్దిరోజులే ఉద్యోగం చేసింది. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, భోజనాల బల్లమీద జతలు పేర్చుకునేది. "అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోంది" అని పిల్లలు వేళాకోళం చేసేవారట! 9వ క్రోమోజోము ముక్క, 22వ దాని ముక్క ఒకదానికొకటి చోటు మార్చుకున్నాయని ఆమె 1973లో ప్రకటించింది. 1977లో మరో రకం రక్త కాన్సరులో 15, 17ల మధ్య అలాంటి మార్పిడే చూపించింది.

అప్పటినించీ వైద్యులు ఈ గుర్తులు చూసి జబ్బు నడక అంచనా వేయడం నేర్చారు. పిల్లల రక్త కాన్సరులో క్రోమోజోములు 50 దాటితే సాధారణంగా మంచి సూచన. పెద్దవయసు స్త్రీలలో ఎక్కువగా కనిపించే ఒక మూలుగ జబ్బులో 5వ దాని ముక్క ఒక్కటే లోపిస్తే, జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. 7వది పూర్తిగా పోతే గడ్డు రకం. అలాంటప్పుడు తరచు మూలుగ మార్పిడి దాకా ఆలోచించాల్సి వస్తుంది.

అయితే ఇది చెరగని తలరాత కాదండీ. 15, 17ల మార్పిడి రకం ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసేది. 'ఎ' విటమిన్ జాతి మందూ, మనం పాషాణం అని భయపడే ఆర్సెనిక్కూ వచ్చాక, నయమయ్యేవాటిలో అదే ముందు వరసకొచ్చింది. రౌలీ విప్పిన 9, 22ల ముడికి సూటిగా తగిలే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చింది. అది పనిచేసినవాళ్ళలో చాలామంది దాదాపు నిండు ఆయుష్షు బతుకుతున్నారు. ఆ మాత్రను చవకగా చేసినవాటిలో మన హైదరాబాదు నాట్కో సంస్థ ఒకటి. దాని పేటెంటు తగాదాలో 2013లో సుప్రీంకోర్టు విదేశీ కంపెనీ కోరికను తోసిపుచ్చింది.

ఇక అత్తగారి మాట సంగతి. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం కడుపులో బిడ్డకు తల్లీ తండ్రీ ఇచ్చినవి కావు. మూలుగలోని ఏదో ఒక కణంలో తర్వాత జరిగిన పొరపాట్లు. వంశంలో వచ్చేవి బహు తక్కువ. తలసీమియా వేరే సంగతి, అది తీవ్రంగా రావాలంటే లోపం తల్లి నించీ తండ్రి నించీ కూడా రావాలి. అక్కడా ఒక్క తల్లిదే తప్పనడానికి లేదు.

కాబట్టి మీ ఇళ్ళల్లోగాని, ఇరుగుపొరుగున గాని ఇలాంటి కష్టమొస్తే "ఎవరి నెత్తురు?" అని అడక్కండి. "క్రోమోజోముల పరీక్ష చేశారా? ఏ రకమన్నారు?" అని డాక్టరుగారిని అడగండి. వైద్యం ఎంత గట్టిగా ఉండాలో అందులోనే కొంత తేలుతుంది.

మైపాడు పిల్లవాడి పరీక్షలో క్రోమోజోములు 50 దాటాయి. రెండేళ్ళకు పైగా మందులు వాడి, మళ్ళీ బడికి పోతున్నాడు. మొన్న వాళ్ళింటికి వెళితే, వాడికి అన్నం కలిపి పెడుతున్నది ఆ అత్తగారే.