నిరీక్షించు బ్యాటరీ

ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరుగుచుండగా విద్యుత్తు ఆగినచో మనము సీసపు బ్యాటరీని నమ్ముకొందుము. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లమున ముంచి, మరల మరల విద్యుత్తు నింపదగిన తొలి బ్యాటరీని నిర్మించెను. ఆ రేకులను సిద్ధపరచుటకు చిరకాలము పట్టెడిది. 1881లో కమీల్ ఫోర్ రేకులకు సీస సిందూరపు ముద్దను పూసి ఆ జాప్యమును తొలగించెను. అయితే ముద్ద క్రమముగా రాలును. మందపు శుద్ధసీసపు ప్లాంటే రేకులు, బాగుగా కాపాడినచో, 20 ఏండ్లకు పైగా నిలుచును.

ఊరక వేచియున్నను బ్యాటరీకి వార్ధక్యము తప్పదు; ధనధ్రువపు సీసము నిత్యము క్షయించుచుండును. ఉష్ణోగ్రత 25 సెంటీగ్రేడు డిగ్రీలను మించిన ప్రతి 10 డిగ్రీలకు ఆయువు సుమారు సగమగును. 10 ఏండ్ల బ్యాటరీ 35 డిగ్రీల గదిలో 5 ఏండ్లకే అలసిపోవచ్చును. ఆపదకు ముందే దానిని పరీక్షించుట మన విధి.