ఎవరికి చౌక? ఇబ్న్ బతూతా రాసిన ధరల లెక్క

ఈ వీడియోలు మీ ఫీడ్‌లోకి కూడా వస్తూనే ఉంటాయి. మనవాళ్ళు వియత్నాం వెళ్తారు, బాలి వెళ్తారు, రోడ్డు పక్కన ఒక ప్లేటు తినేసి కెమెరా వైపు తిరిగి "ఇక్కడ అన్నీ చాలా చౌక గురూ" అంటారు. అదే మనిషి అమెరికాలో కాఫీ కొంటే, దాన్ని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకుంటాడు. ఇంకో రకం కూడా ఉంది. సెలవులకి అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య "హైదరాబాద్‌లో రేట్లు బాగా పెరిగాయిరా" అంటాడు కానీ, హోటల్లో బిల్లు చూడకుండానే కట్టేస్తాడు. ఇంట్లో అమ్మ మాత్రం నూనె ప్యాకెట్ మీద రేటు రెండుసార్లు చూసి, అరలీటర్‌తో సరిపెడుతుంది.

ఒకే ఊరు, ఒకే రేటు. ఒకరికి చౌక, ఇంకొకరికి భారం. మరి ఎవరి మాట కరెక్ట్? ఇవాళ ఈ ప్రశ్నని దాదాపు 700 ఏళ్ళ కిందటి ఒక ట్రావెలర్ లెక్కలతో చూద్దాం. ఆయన పేరు ఇబ్న్ బతూతా.

స్కూల్లో తుగ్లక్ పాఠంలో ఈ పేరు విని ఉంటారు. 1304లో మొరాకోలోని టాంజియర్‌లో పుట్టాడు. 1325లో హజ్ యాత్రకని ఇల్లు వదిలాడు. తిరిగి మొరాకో చేరేసరికి 1349. అంటే 24 ఏళ్ళు. ఆ తర్వాత కూడా కుదురుగా కూర్చోలేదు, సహారా ఎడారి దాటి మాలి రాజ్యం దాకా వెళ్ళొచ్చాడు. చివరికి అబూ ఇనాన్ అనే మొరాకో సుల్తాన్ ఆజ్ఞ మీద తన ప్రయాణాలన్నీ ఇబ్న్ జుజయ్ అనే రచయితకి చెప్పి రాయించాడు. 1355లో పుస్తకం పూర్తయింది. దాన్నే 'రిహ్లా' అంటారు.

ఆ పుస్తకంలో రాజులు, మసీదులు, పెళ్ళిళ్ళు అన్నీ ఉంటాయి. నాకు బాగా నచ్చింది వేరే. ఈయన ఎక్కడికి వెళ్ళినా మార్కెట్ రేట్లు గుర్తుపెట్టుకుంటాడు. కోడి ఎంత, బియ్యం ఎంత, బట్ట ఎంత. పైగా తూకాల్ని, నాణేల్ని తన ఊరి లెక్కలోకి మార్చి మరీ చెప్తాడు. ఢిల్లీ రత్ల్ అంటే మా మొరాకో రత్ల్‌కి 20 రెట్లు అని వివరిస్తాడు. రత్ల్ అనేది అప్పటి తూకం. మనం ఫోన్‌లో కరెన్సీ కన్వర్టర్ తెరిచినట్టు, ఈయన బుర్రలోనే ఒకటి పెట్టుకు తిరిగాడన్నమాట.

ముందు ఢిల్లీ వెళ్దాం. 1333లో ఆయన సింధు నది దాటి మన దేశంలోకి వచ్చాడు. అప్పుడు సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్. ఈయనతో మన తెలుగువాళ్ళకి పాత పరిచయమే. ఉలుగ్ ఖాన్ పేరుతో యువరాజుగా ఉన్నప్పుడు, 1323లో ఓరుగల్లు కోటని గెలిచి కాకతీయుల పాలన ముగించింది ఈయనే.

తుగ్లక్‌కి బయటి దేశాల పండితులంటే మోజు. ఇబ్న్ బతూతాని ఢిల్లీ ఖాజీగా పెట్టుకుని ఏడాదికి 12,000 దినార్లు జీతం ఇచ్చాడు. అది ఎంత పెద్ద జీతం? అప్పట్లో ఒక మామూలు కుటుంబం నెలకి సుమారు 5 దినార్లతో బతికేదని చరిత్రకారుల అంచనా. ఏడాదికి 60. అంటే ఈయన జీతం ఒక మామూలు కుటుంబం ఖర్చుకి 200 రెట్లు. అయినా సరిపోలేదు! దర్బారు హోదాకి తగ్గట్టు బతకడానికి, సుల్తాన్‌కి కానుకలు ఇవ్వడానికి వ్యాపారుల దగ్గర 55,000 దినార్లు అప్పు చేశాడు. అది తీర్చమని మళ్ళీ సుల్తాన్‌నే అడుక్కున్నాడు.

ఇప్పుడు అదే ఢిల్లీలో రెండో సీన్. 1330ల మధ్యలో వానలు లేక పెద్ద కరువు వచ్చింది. ఒక మణుగు గోధుమలు 6 దినార్లకి చేరాయని ఈయనే చెప్తాడు. అప్పటి మణుగు ఇప్పటి లెక్కలో చాలా చిన్నది, పదిహేను కిలోలకి అటూ ఇటూ. పైన చెప్పిన 5 దినార్ల కుటుంబాన్ని గుర్తు తెచ్చుకోండి. నెల ఖర్చు మొత్తం పెట్టినా ఒక్క మణుగు గోధుమలు రావు. చచ్చిన గుర్రం తోలు కోసుకుని తింటున్న ఆడవాళ్ళని కళ్ళారా చూశానని ఇబ్న్ బతూతా రాయించాడు. సుల్తాన్ తన గిడ్డంగులు తెరిపించి, ఢిల్లీ జనానికి ఆరు నెలల తిండి ఇవ్వమని ఆజ్ఞ వేశాడు.

ఇక్కడ గమనించండి. ఖాజీగారు కొన్నదీ ఆ 6 దినార్ల మార్కెట్లోనే, కూలివాడు కొన్నదీ అక్కడే. రేటు ఇద్దరికీ ఒకటే. కానీ ఒకరికి అది పుస్తకంలో రాయించుకునే విషయం, ఇంకొకరికి చావు బతుకుల సమస్య.

తర్వాత సుమారు 1346లో ఈయన బెంగాల్ వెళ్ళాడు. అక్కడి మార్కెట్ చూసి కళ్ళు తిరిగాయి. ప్రపంచంలో ఇంత చౌకగా వస్తువులు దొరికే దేశం నేను చూడలేదన్నాడు. లిస్టు వినండి. బలిసిన కోళ్ళు ఎనిమిది, ఒక్క దిర్హం. లావుపాటి పొట్టేలు రెండు దిర్హంలు. పాడి గేదె మూడు వెండి దినార్లు. 30 మూరల సన్నని నూలు బట్ట రెండు దినార్లు. బియ్యం ఒక వెండి దినారుకి 25 ఢిల్లీ రత్ల్‌లు. ఒక వెండి దినారు అంటే ఎనిమిది దిర్హంలు.

ఇవాళ్టి వ్లాగర్ అయితే ఇక్కడే థంబ్‌నెయిల్ రెడీ చేసుకునేవాడు. కానీ ఇబ్న్ బతూతా ఇంకో మాట కూడా రాయించాడు. ఇదే ఆయన గొప్పతనం. స్థానికులు ఆయనతో ఏమన్నారో తెలుసా? ఈ ఏడు రేట్లు బాగా మండిపోతున్నాయి అన్నారు!

వాళ్ళు ఊరికే గొణుగుతున్నారా? చెక్ చేద్దాం. దానికి డేటా కూడా ఆయన పుస్తకంలోనే ఉంది. ముహమ్మద్ అల్ మస్మూదీ అని, మొరాకో వైపు నుంచే వచ్చి ఒకప్పుడు బెంగాల్లో కాపురం పెట్టిన మనిషి చెప్పిన లెక్క ఇది. తను, భార్య, ఒక పనిమనిషి, ఈ ముగ్గురికీ ఏడాది తిండి ఖర్చు మొత్తం 8 దిర్హంలు. అప్పట్లో 8 దిర్హంలకి 80 రత్ల్‌ల వడ్లు వచ్చేవి, దంచితే 50 రత్ల్‌ల బియ్యం తేలేవి.

ఇప్పుడు పోల్చండి. ఒకప్పుడు 8 దిర్హంలకి 50 రత్ల్‌లు. ఇబ్న్ బతూతా వెళ్ళినప్పుడు అదే 8 దిర్హంలకి 25. దంచే కూలి పక్కన పెడితే బియ్యం రేటు రెట్టింపు అయింది! యాత్రికుడికి ప్రపంచంలోకెల్లా చౌక, ఊరివాడికి డబుల్. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. యాత్రికుడు ఈ ఊరి రేటుని వేరే ఊరి రేటుతో పోలుస్తున్నాడు. ఊరివాడు ఇవాళ్టి రేటుని తన నిన్నటి రేటుతో పోలుస్తున్నాడు.

ఆ లిస్టులో ఇంకో లైను ఉంది. దాటేసి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. కోళ్ళు, బియ్యం, బట్టల మధ్యలో మనిషి రేటు కూడా ఉంది. ఒక బానిస అమ్మాయి ధర ఒక బంగారు దినారు. ఆ రేటుకి తనూ ఒకరిని కొన్నానని మామూలుగా చెప్పేస్తాడు. అన్నీ చౌక అన్నప్పుడు ఆ 'అన్నీ'లో మనుషుల చాకిరీ కూడా ఉంటుంది. బట్ట నేసినవాడికి, వడ్లు దంచినవాడికి దక్కేది కూడా ఆ చౌక రేటులోంచే కదా.

ఇప్పుడు ఆయనతో పాటు ఇంటికి వెళ్దాం. మొరాకో చేరాక మా దేశమే బెస్ట్ అని ఓ పెద్ద పొగడ్త అందుకుంటాడు. రాయించింది ఆ దేశపు సుల్తానే కాబట్టి కొంచెం స్పాన్సర్డ్ కంటెంట్ అనుకోండి. కానీ అందులో చూపించిన లెక్క మాత్రం అదిరిపోతుంది.

ఈజిప్టులో 18 ఊఖియాల మటన్ ఒక దిర్హం. ఊఖియా కూడా ఒక తూకమే. మొరాకోలో రేట్లు బాగా పెరిగిన రోజుల్లో అంతే మటన్ రెండు దిర్హంలు. పైపైన చూస్తే మొరాకోనే ఖరీదు కదా? ఇక్కడే ఆయన ఆపుతాడు. ఈజిప్టు దిర్హం ఒకటి మా చిన్న దిర్హంలు ఆరింటితో సమానం అంటాడు. అంటే మొరాకో మటన్ ఈజిప్టు రేటులో మూడో వంతే.

దీన్నే ఇవాళ ఎకనామిక్స్‌లో పర్చేజింగ్ పవర్ ప్యారిటీ అంటారు. డబ్బు మీద అంకె కాదు, ఆ డబ్బు ఎంత సరుకు తెస్తుందో చూడాలని. 1986లో 'ది ఎకనమిస్ట్' పత్రిక బర్గర్ రేటుతో దేశాల కరెన్సీలని పోలుస్తూ బిగ్ మాక్ ఇండెక్స్ మొదలుపెట్టింది. మనవాడు అదే పని మటన్‌తో ఆరు వందల ఏళ్ళ ముందే చేశాడు.

ఇంకో చిన్న స్టాప్, సహారా ఎడారి. 1352లో మాలికి వెళ్తూ తఘాజా అనే ఉప్పు గనుల ఊళ్ళో ఆగాడు. అక్కడ ఉప్పు ఎంత ఎక్కువంటే, ఇళ్ళూ మసీదూ కూడా ఉప్పు దిమ్మెలతోనే కట్టారు, పైకప్పు ఒంటె తోళ్ళు. అదే ఉప్పు, ఒక ఒంటె మోత, ఎడారి దాటి వలాతా చేరితే 8 నుంచి 10 మిస్ఖాల్‌ల బంగారం. ఇంకా లోపలికి మాలి నగరం చేరితే 20 నుంచి 30, ఒక్కోసారి 40. ఉప్పు మారలేదు. మధ్యలో దూరం, ఒంటెల మేత, దారిలో ప్రాణభయం కలిశాయి. గనిలో తవ్వే బానిసలకి ఆ బంగారంలో వాటా లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఖర్జూరం, ఒంటె మాంసం, చిరుధాన్యం తిని బతికేవాళ్ళు. సరుకు రాకపోతే వాళ్ళకి తిండే లేదు.

మళ్ళీ మన మొదటి ప్రశ్నకి వద్దాం. ట్రిప్‌కి వెళ్ళినవాడిదా, సెలవులకి వచ్చిన అన్నయ్యదా, అమ్మదా, ఎవరి మాట కరెక్ట్? చౌక, ఖరీదు అనేవి వస్తువు మీద రాసి ఉండవు. అవి ఆ రేటుకీ, కొనేవాడి సంపాదనకీ మధ్య ఉంటాయి. వియత్నాంలో మన చేతిలో లక్షల డాంగ్‌లు ఉంటే కోటీశ్వరుడిలా ఫీల్ అవుతాం. కానీ ఆ ప్లేటు వడ్డించిన మనిషికి అదే రేటు, ఇంటి అద్దె కట్టాక మిగిలే డబ్బులోంచి చూస్తే వేరేలా కనిపిస్తుంది. మన బస్తీలో అద్దె పెరిగినప్పుడు కూడా ఇంతే. డాలర్లో సంపాదించేవాడికి అది చిన్న మార్పు, నెల జీతం మీద బతికేవాడికి పిల్లల ట్యూషన్ ఫీజు.

అందుకే ఈసారి ఎక్కడికైనా వెళ్ళి చౌక అనే ముందు ఇబ్న్ బతూతా చేసిన పనే చేయండి. ఆ కొట్టువాడినే అడగండి, "అన్నా, పోయినేడు ఇది ఎంత ఉండేది?" అని. జవాబు రాసిపెట్టుకోండి. బెంగాల్ జనం చెప్పిన ఆ ఒక్క మాట ఆయన రాయించకపోయి ఉంటే, వాళ్ళ ఇబ్బంది ఇవాళ మనకి తెలిసేదే కాదు.

మీ ఊళ్ళో ఏ వస్తువు రేటు మీ ఇంట్లోవాళ్ళని ఎక్కువ ఇబ్బంది పెడుతోందో కామెంట్‌లో చెప్పండి. ఐదేళ్ళ కిందటి రేటు గుర్తుంటే అదీ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.