ఆరుగురి ఆట: అయోవా అమ్మాయిల ఆఖరి చలికాలం

అమెరికాలో హైస్కూలు పిల్లల బాస్కెట్‌బాల్ చలికాలపు ఆట. ఫిబ్రవరి వచ్చేసరికి సొంత బడిలో ఆడే ఆటలు అయిపోవస్తాయి. ఆ తర్వాతవన్నీ ఓడితే ఇంటికి పోయే పోటీలే. అందుకని సొంత కోర్టులో ఆడే ఆఖరి ఆటకి అక్కడ ఒక ఆనవాయితీ ఉంది, సీనియర్ నైట్ అంటారు. ఆ ఏడాది బడి వదిలి వెళ్ళిపోయే పన్నెండో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. వాళ్ళు అమ్మానాన్నలతో కలిసి కోర్టు మధ్యకి నడిచి వస్తారు. చాలా బడుల్లో తల్లి చేతికి పువ్వులు ఇస్తారు. అక్కడున్న మనవాళ్ళ ఇళ్ళ నుంచి ఇలాంటి ఫొటోలు మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటాయి. మన దగ్గర అప్పగింతలకి ఏడ్చినట్టు అక్కడి తల్లులు ఈ ఆటకి ఏడుస్తారట.

ఒక పిల్లకి ఆఖరి ఆట ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. ఒక రాష్ట్రంలో మాత్రం ఆటకే ఆఖరి ఏడాది వచ్చింది. రాష్ట్రం అయోవా, ఏడాది 1993. ఆ చలికాలం అక్కడి చిన్న చిన్న ఊళ్ళలో సొంత కోర్టు మీద ఆడిన ఆఖరి ఆటలతో దాదాపు డెబ్బై ఏళ్ళకి పైబడిన ఒక ముచ్చట ముగిసిపోయింది.

అయోవా అంటే మొక్కజొన్న, సోయా, పందుల పెంపకం. మన గోదావరి జిల్లాల్లో పొలం గట్టు మీద నిలబడితే కనుచూపు మేర వరి కనిపించినట్టు అక్కడ మొక్కజొన్న కనిపిస్తుంది. అయిదారు వందల మంది ఉండే ఊళ్ళు. ఊరికొక బడి, బడికొక జిమ్. మంచు కురిసే సాయంత్రాలు ఊరంతా చేరేది అక్కడే. అక్కడి జనం ఎగబడి చూసింది అమ్మాయిల ఆట. ఇది నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. మిగతా అమెరికాలో చాలాచోట్ల ఆడపిల్లలకి బడి జట్టే లేని రోజుల్లో సంగతి ఇది.

కాస్త వెనక్కి వెళ్దాం. బాస్కెట్‌బాల్‌ని 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ అనే వ్యాయామం మాస్టారు కనిపెట్టారు. మొదట్లో బాల్కనీకి బిగించినవి పీచ్ పళ్ళ బుట్టలు. ఏడాది తిరగకుండానే దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని ఈ ఆటని తన విద్యార్థినులకి నేర్పారు. ఆవిడ లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం పిల్ల. చిన్నప్పుడు నలతగా ఉండే మనిషి, వ్యాయామంతోనే కోలుకున్నారు. 1893 మార్చిలో అక్కడ రెండు తరగతుల అమ్మాయిల మధ్య పోటీ జరిగితే మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఆడపిల్లలు నిక్కర్లలాంటి బట్టలతో పరిగెడుతుంటే మగవాళ్ళు చూడకూడదని.

బెరెన్‌సన్ ఆటకి కొన్ని మార్పులు చేశారు. కోర్టుని మూడు భాగాలు చేసి గీతలు గీశారు. ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలి, గీత దాటకూడదు. ఎదుటి పిల్ల చేతిలోంచి బంతి లాక్కోకూడదు. అలిసిపోకూడదని, ఒకళ్ళే అంతా ఆడేయకూడదని, మోటుదనం ఉండకూడదని ఆవిడ ఉద్దేశం. ఆడపిల్లని లక్ష్మణరేఖ లోపల నిలబెట్టినట్టే ఉంది కదా అని మనకి చురుక్కుమంటుంది. కానీ ఆ గీతలు లేకపోతే ఆ రోజుల్లో ఏ కాలేజీ పెద్దలూ ఈ ఆట ఆడనిచ్చేవారు కారనే నా అనుమానం. గీత గీసి ఆడించారు, అసలు మాన్పించలేదు.

ఈ గీతలే అయోవాలో నిలిచిపోయాయి. 1934 నుంచి అక్కడ కోర్టు రెండు భాగాలైంది. జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు గార్డ్‌లు. మన చెడుగుడులో మధ్య గీత గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ ఆ గీత ఎవరూ దాటకూడదు. ఫార్వర్డ్‌లు ఒక సగంలో ఉండి బుట్టలో బంతి వేస్తారు. గార్డ్‌లు రెండో సగంలో ఉండి ఎదుటి జట్టు ఫార్వర్డ్‌లని అడ్డుకుంటారు, బంతి దక్కించుకుని మధ్య గీత దగ్గర తమ ఫార్వర్డ్‌కి అందిస్తారు. అక్కడితో వాళ్ళ పని సరి. ఇక గీత దగ్గర నిలబడి చూడటమే. బంతిని నేలకేసి రెండుసార్ల కంటే ఎక్కువ కొట్టకూడదు. దాంతో పరుగు తక్కువ, చేతి నేర్పు ఎక్కువ అయింది. పాయింట్లు కుప్పలుగా వచ్చేవి.

అంటే గార్డ్‌గా ఆడిన పిల్ల నాలుగేళ్ళ హైస్కూలు ఆటలో ఒక్క పాయింటు కూడా చెయ్యదు. చెయ్యలేక కాదు, నియమమే లేదు. పేపర్లో పేరు ఫార్వర్డ్‌ది. ఎదుటి జట్టుకి రావలసిన పాయింట్లు రాకుండా ఆపిన లెక్క ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఇల్లు నడిపే వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

రాష్ట్ర స్థాయి అమ్మాయిల పోటీలు 1920లో డెమోయిన్‌లో మొదలయ్యాయి. మొదటిసారి గెలిచింది కరెక్షన్‌విల్ అనే ఊరి జట్టు. అయిదేళ్ళకే గండం వచ్చిపడింది. 1925లో రాష్ట్ర హైస్కూళ్ళ క్రీడా సంఘం ఆడపిల్లల పోటీలు ఇక నిర్వహించబోమని తీర్మానించింది. పోటీ ఆడితే ఆడపిల్లల ఆరోగ్యం పాడవుతుందని, నలుగురి ముందు ఆడటం మర్యాద కాదని అప్పట్లో దేశమంతా వినిపించిన మాట. ఈ మాట అన్నది మగవాళ్ళు మాత్రమే అనుకుంటే పొరపాటే. ఆడవాళ్ళ వ్యాయామ ఉపాధ్యాయుల్లో చాలామంది అదే పాట పాడారు. 1923లో ఏర్పడిన స్త్రీల క్రీడా విభాగానికి నాయకురాలు లూ హెన్రీ హూవర్, తర్వాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ గారి భార్య. ఆడపిల్లలందరూ ఆడాలి, కానీ బడికీ బడికీ మధ్య కప్పుల కోసం పోటీలు వద్దు అన్నది వాళ్ళ విధానం. విచిత్రమేమిటంటే ఆవిడ పుట్టింది అయోవాలోని వాటర్లూలోనే.

పెద్ద ఊళ్ళ బడులు సరేనని మానేశాయి. పల్లెటూరి బడుల అధికారులు మాత్రం ఒప్పుకోలేదు. బయటికి వచ్చి అమ్మాయిల కోసమే విడిగా ఒక సంఘం పెట్టుకున్నారు. దేశంలో అలాంటిది ఇంకెక్కడా లేదు. నాకు దీని కారణం పుస్తకాల కంటే పొలంలోనే కనిపిస్తుంది. తెల్లారకుండా పాలు పితికి, గడ్డి మోపులు ఎత్తి, బకెట్లతో దాణా మోసే కూతుర్ని చూస్తున్న తండ్రికి, బంతి విసిరితే నీ పిల్ల సొమ్మసిల్లుతుందని చెబితే నవ్వు రాదూ? అదీకాక చిన్న బడుల్లో అబ్బాయిలకి పెద్ద జట్లు కట్టేంత మంది ఉండేవారు కాదు. ఊరు చేరి కేకలు వెయ్యడానికి ఏదో ఒకటి కావాలి.

ఆ తర్వాత నడిచింది వైభవం. మార్చిలో డెమోయిన్‌లోని వెటరన్స్ ఆడిటోరియంలో రాష్ట్ర పోటీలు జరిగే వారం తిరనాళ్ళలా ఉండేది. పదిహేను వేల మంది పట్టే హాలు నిండిపోయేది. టీవీలో చుట్టుపక్కల రాష్ట్రాలకీ చూపించేవారు. నాకు బాగా నచ్చిన వివరం ఒకటి ఉంది. ఆట మధ్యలో విరామం వస్తే, శుభ్రంగా సూట్లు వేసుకున్న అబ్బాయిల దండు వచ్చి కోర్టు ఊడ్చేది. అమ్మాయిలు ఆడతారు, అబ్బాయిలు చీపుళ్ళు పడతారు. అమెరికా అంతా వెతికినా ఆ దృశ్యం ఇంకెక్కడ దొరుకుతుంది!

1968 ఫైనల్ గురించి అక్కడి అమ్మమ్మలు ఇప్పటికీ చెప్పుకుంటారు. యూనియన్-విట్టెన్ జట్టులో డెనీస్ లాంగ్, ఎవర్లీ జట్టులో జెనెట్ ఓల్సన్. ఆట సమానమై అదనపు సమయానికి వెళ్ళింది. చివరికి యూనియన్-విట్టెన్ 113-107తో గెలిచింది. డెనీస్ చేసినవి 64, జెనెట్ చేసినవి 76. ఎక్కువ చేసిన పిల్ల ఓడిపోయింది. ఆ ఏడాదే ఒక ఆటలో డెనీస్ 111 పాయింట్లు చేసింది. మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ అనే మగవాళ్ళ వృత్తి జట్టు తన ఎంపికలో ఆమె పేరు చదివింది. లీగు పెద్దలు ఆ ఎంపిక చెల్లదన్నారు. సగం ప్రచారం కోసమే చేశారని చెప్పినా, ఒక పల్లెటూరి అమ్మాయి పేరు అక్కడిదాకా వెళ్ళిందన్నది నిజం.

ఇంత బాగున్న ఆట ఎందుకు ఆగిపోయింది? ఇక్కడే నా మనసు రెండుగా చీలుతుంది. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపించకూడదని. అంతకు ముందు దేశం మొత్తం మీద హైస్కూలు క్రీడల్లో ఉన్న అమ్మాయిలు 2,94,000 మంది మాత్రమే, అబ్బాయిలు 36 లక్షల పైచిలుకు. చట్టం తర్వాత కాలేజీలు అమ్మాయిలకి బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్పులు ఇవ్వడం మొదలుపెట్టాయి. కాలేజీ ఆట అయిదుగురిది, కోర్టంతా పరిగెత్తేది. అయోవా గార్డ్ పిల్లకి బుట్టలోకి గురి చూసే అలవాటే లేదు, ఫార్వర్డ్ పిల్లకి అడ్డుకోవడం రాదు. స్కాలర్‌షిప్పు ఎవరిస్తారు? 1980లలో కొందరు అమ్మాయిలు కోర్టుకెక్కారు. 1984-85 సీజను నుంచి ఇష్టమైన బడులు అయిదుగురి ఆట ఆడుకోవచ్చని సంఘం దారి విడిచింది. పెద్ద బడులు అటు వెళ్ళాయి. పల్లెలు ఆరుగురి ఆటని పట్టుకుని కూర్చున్నాయి.

అలా మరో ఎనిమిదేళ్ళు. 1993తో రెండు రకాల ఆటలు నడపడం ఇక వద్దనుకున్నారు. ఆ మార్చిలో జరిగిన ఆఖరి ఫైనల్లో హబ్బర్డ్-రాడ్‌క్లిఫ్ జట్టు అట్లాంటిక్ జట్టుని 85-66తో ఓడించింది. ఇది పుస్తకాల్లో ఉంది. దానికి ముందు ఫిబ్రవరిలో ఊరూరా జరిగిన ఆఖరి సొంత ఆటలు మాత్రం ఆ ఊళ్ళ గుర్తుల్లో ఉన్నాయి. ఒక్కసారి ఊహించండి. అమ్మమ్మ ఆ గీత వెనక నిలబడి ఆడింది, అమ్మ ఆడింది, ఇప్పుడు మనవరాలు ఆడుతోంది. చూసే ఆడవాళ్ళలో సగం మందికి ఆ నియమాలు చేతి వేళ్ళలో ఉన్నాయి. బాగా పాస్ ఇచ్చిన గార్డ్‌ని చూసి చప్పట్లు కొట్టడం తెలిసిన ప్రేక్షకులు వాళ్ళు. మరుసటి ఏడాది నుంచి ఆ మధ్య గీతకి అర్థం ఉండదు.

పిల్లల చదువు కోసం అయితే మానెయ్యడమే న్యాయం. నా కూతురు ఆడుతూ ఉంటే నేనూ కోర్టుకెళ్ళిన ఆ తల్లిదండ్రుల పక్షానే ఉండేదాన్ని. మేం చదువుకున్న రోజుల్లో ఆడపిల్లలకి టెన్నికాయిట్, త్రోబాల్ చాలన్నట్టు ఉండేది. వాటితో ఎక్కడికి వెళ్ళగలమని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఆ తల్లులు అడిగారు. కానీ ఆరుగురి ఆట పోతే పోయినవి కూడా ఉన్నాయి. జట్టుకి ఆరుగురు అయిదుగురయ్యారు. మెల్లగా పరిగెత్తే పిల్లకి, పొట్టి పిల్లకి దొరికే చోటు తగ్గింది. అమ్మాయిలదే అని చెప్పుకునే ఆట అబ్బాయిల ఆటలాంటిదే ఇంకొకటి అయింది. వెంటనే అబ్బాయిలతో పోలిక మొదలవుతుంది కదా, ఎత్తుకీ వేగానికీ.

జట్ల పేర్ల మధ్య ఆ గీతలు గమనించారా? యూనియన్-విట్టెన్, హబ్బర్డ్-రాడ్‌క్లిఫ్. ఒక్కోటి రెండు ఊళ్ళ పేర్లు. సాగు యంత్రాలకి పోయి, కుటుంబాలు పట్నాలకి పోయి, పిల్లలు తగ్గి, ఒక్క ఊరికి బడి నిలవక రెండూళ్ళు కలిపేసుకున్నవి. తర్వాత అవీ చాల్లేదు. డెనీస్ లాంగ్ చదివిన యూనియన్-విట్టెన్ ఇప్పుడు బి.సి.ఎల్.యు.డబ్ల్యు. అనే బడిలో కలిసిపోయింది. అయిదు ఊళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు అవి. ఆడపడుచులందరి పేర్లూ రావాలని శుభలేఖలో ఇరికించినట్టు! పాత జిమ్‌లో సొంత ఆట అన్న మాటే ఆ ఊళ్ళకి లేకుండా పోయింది.

2024 మార్చి 3న ఇదే అయోవాలో, యూనివర్సిటీ కోర్టులో, కైట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి రెగ్యులర్ సీజనులో తన ఆఖరి సొంత ఆట ఆడింది. సీనియర్ల వీడ్కోలు రోజు అది. పీట్ మారవిచ్ పేరు మీద అర్ధ శతాబ్దంగా ఉన్న 3,667 పాయింట్ల లెక్కని ఆ రోజే దాటింది. మగవాళ్ళ ఆటలో ఉన్న లెక్క అది. డెమోయిన్ పక్కనే పెరిగిన పిల్ల, పుట్టింది 2002లో. ఆరుగురి ఆట ఆమె ఎరగదు. జనం మాత్రం హాలు నిండా వచ్చారు, అమ్మాయిల ఆటకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళడం ఆ రాష్ట్రానికి కొత్త కాదు.

1993లో పదకొండో తరగతిలో ఉన్న గార్డ్ పిల్లలకి ఇంకో ఏడాది మిగిలింది. వేసవిలో పొలం పనుల మధ్య కొట్టాం గోడకి బుట్ట బిగించుకుని సాధన చేసుకోవలసింది వాళ్ళే. ఆ ఏడాది చలికాలం వచ్చాక, సొంత జిమ్‌లో, అందరూ చూస్తుండగా, మధ్య గీత దాటి అవతలికి పరిగెత్తి, పోటీలో మొదటిసారిగా బంతిని బుట్టకేసి విసిరారు.